గుండ్ల సందున చిరుత

"ఇటు చిరుతలున్నయా తాతా?" అని అడిగాను.

ముసలాయన చేతికర్రను చంకకు ఆనించుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "గిప్పుడేడియి కొడుకా? మా పోరగాండ్లప్పుడు రామాయణమాడితిమి. నేను భరతుని ఏషం గడితి" అన్నాడు.

తప్పు నాదే. జనగామ చుట్టుపక్కల పాతతరం వాళ్లకు చిరుతలంటే చేత పట్టి వాయించే చెక్కలు. ఆ చెక్కల తాళానికి గుండ్రంగా తిరుగుతూ ఆడేది చిరుతల రామాయణం. జంతువు సంగతి అడగాలంటే పులి అన్నమాట తగిలించాలి. తగిలించాక ఆయన నవ్వాడు. "చిర్తపులా! గట్లను మరి" అని కర్రెత్తి ఎదురుగా ఉన్న గుట్టను చూపించాడు.

ఆ గుట్ట పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి ఎవరో ఒకరు డ్రోన్ పట్టుకుని దిగుతారు. జనగామ నుంచి పాలకుర్తి పోయే దారిలో అలాంటివి చాలానే ఉన్నాయి, ఏదో ఒకటి అనుకోండి. పేరుకు గుట్టే గానీ మట్టి తక్కువ. గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు. ఏనుగంత బండ ఒకటి మూరెడు మొన మీద నిలబడి ఉంటుంది, ఈ రాత్రికి దొర్లుతుందేమో అనిపించేట్టు. అది మా అమ్మమ్మ చిన్నప్పటి నుంచీ అలాగే ఉందట. అమ్మమ్మ చిన్నతనం దానికో లెక్కా! ఈ నల్లసేనపు రాయి వయసు ఇంచుమించు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల ఉండగానే నెర్రెలు విచ్చి, ఆ నెర్రెల వెంట నీళ్లు దిగి అంచులు అరిగి, పైమట్టి కొట్టుకుపోయాక ఇలా గుండ్రాళ్లై బయటపడింది. గుండుకూ గుండుకూ నడుమ సందులు మిగిలాయి. ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆ సందుల్లో చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది.

"ఆ సందులల్ల ఉంటది" అన్నాడు తాత. నవంబరు మొదటివారం, సీతాఫలాలు అయిపోవస్తున్న రోజులు. తువ్వాలలోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టి, పదిహేనేళ్ల కిందటి రాత్రి సంగతి చెప్పాడు. మంద చుట్టూ ముళ్లకంప నాటి పడుకున్నారట. చిరుత దూకి రెండు మేకల గొంతులు కొరికి, ఒకదాన్ని ఎత్తుకుపోయింది.

"నువ్వు చూసినవా తాతా?"

"సూడలే. కుక్క మొరుగుడు బందు జేసింది. గప్పుడే ఎర్కయింది నాకు."

ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. చిరుతకు కుక్క ఇష్టమైన తిండి. అంతదాకా గొంతు చించుకుని మొరిగిన కుక్క, ఆ వాసన తగలగానే కాళ్ల సందున తోక పెట్టుకుని మనిషి మంచం కిందికి దూరుతుంది. ఆ చప్పుడు లేకపోవడమే ఆయనకు అందిన కబురు. మనం ఫోటో లేనిదే నమ్మం.

మంచులో బతికే చిరుత కూడా ఉందని చెప్పాను. ఫోన్‌లో బొమ్మ చూపించాను. ఎండకు తెర సరిగా కనబడక అరచేయి అడ్డం పెట్టుకుని చూశాడు. "మంచుల ఏం దింటది?" అనడిగాడు. కొండగొర్రెల్ని, కొండమేకల్ని అన్నాను. "అయితె గొల్లోళ్లు ఆడగూడ ఉండాలె" అన్నాడు. ఉన్నారు. లద్దాఖ్ చాంగ్‌తాంగ్‌లో పశ్మీనా మేకల్ని కాసే చాంగ్‌పాలు ఉన్నారు. ఈయనకున్న బాధే వాళ్లకూ ఉంది. మంచు చిరుత దొడ్లో పడితే ఒకటి చంపి ఊరుకోదు. బెదిరి పరుగెత్తే జీవాలు కళ్లముందు మెదులుతూ ఉన్నంతసేపు కొరుకుతూనే ఉంటుంది, పది పదిహేను ఒక్క రాత్రిలో పోతాయి. రిన్‌చెన్ వాంగ్‌చుక్ అనే లద్దాఖీ మొదలుపెట్టిన స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ ఇండియా ట్రస్ట్ వాళ్లు ఊరూరా దొడ్లకు పైన ఇనుపవల కప్పించారు. ఆ ఇళ్లలోనే చిరుతను చూడవచ్చేవాళ్లకు బస, భోజనం ఏర్పాటు చేయించారు. ఇది చెబితే తాత చాలాసేపు ఆలోచించి, "వల బాగనే ఉంటది గని, మా మంద ఒక్క తాన ఉంటదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మంచు చిరుతను నేను చూసింది పోయినేడు డార్జిలింగు జూలో, అదీ కంచె ఇవతలి నుంచి. కొండచరియలా కట్టిన రాళ్ల మీద ఏదో ఉందని అందరూ వేళ్లు చూపిస్తున్నారు. నాకు రాళ్లే కనిపించాయి. చాలాసేపటికి ఆ రాళ్లలో ఒకటి తోక కదిపింది. ఒళ్లంతా పొగరంగు, దాని మీద చెదిరిన నల్లని వలయాలు. ఆ బారెడు తోకను తెచ్చి ముక్కు మీద కప్పుకుని మళ్లీ రాయైపోయింది. పక్కన నిలబడ్డ తెలుగావిడ ఒకరు భర్తతో "జంతువు సగం, తోక సగం" అన్నారు. కొలిస్తే ఆవిడ మాట పెద్ద అబద్ధమేం కాదు. ఒళ్లు మీటరు పైచిలుకు, తోక మీటరుకు కాస్త అటూ ఇటూ. నిట్టనిలువు రాళ్ల మీద దూకేటప్పుడు ఆ తోకే తూకం, చలికి దుప్పటీ అదే.

ఆ జూ పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జూలాజికల్ పార్క్. పద్మజ సరోజినీ నాయుడు కూతురు, మన హైదరాబాదు ఆడపడుచు, 1956 నుంచి 1967 దాకా పశ్చిమ బెంగాల్ గవర్నరు. 1958లో మొదలైన ఆ జూకు 1975లో ఆమె పేరు పెట్టారు. 1980లలో అక్కడ మంచు చిరుతల్ని పెంచి పిల్లలు పెట్టించే పని మొదలైంది. గేటు మీద ఆ పేరు చదివి, లోపల ఆ జంతువును చూసి వచ్చాక మన గుట్టల చిరుత గుర్తొచ్చింది. పాత వరంగల్ జిల్లాను 2016 అక్టోబరు 11న విడగొట్టినప్పుడు పుట్టిన జిల్లాల్లో మూడు, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, వరసగా తిరిగి వద్దామనిపించింది. చిరుత కనబడుతుందన్న ఆశ లేదు. అది ఎక్కడుంటుందో ఆ చోటు చూడాలి, అంతే.

లెక్కలు ఒకసారి చెప్పుకుని వదిలేద్దాం. 2024 జనవరిలో మొదటిసారి దేశమంతటికీ మంచు చిరుతల లెక్క తేల్చారు: 718. అందులో 477 లద్దాఖ్‌లోనే ఉన్నాయి. నెల తిరక్కుండా మామూలు చిరుతల లెక్క వచ్చింది: దేశం మొత్తం మీద 13,874. తెలంగాణ వంతు 297. అంతకు ముందు 2018 లెక్కలో ఇది 334. అయితే ఈ లెక్క ప్రధానంగా అడవుల్లో వేసింది. ఊరి పక్క గుండ్లలో పడుకుని రాత్రి పూట కుక్కల కోసం దిగే చిరుత ఇందులోకి సరిగా రాదు. తాత చెప్పిన చిరుత ఏ రిజిస్టరులోనూ ఉండదు.

మధ్యాహ్నం జనగామలో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కాజీపేట, వరంగల్ దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది. పల్లీలు తింటూ ఫోన్‌లో దాచుకున్న వ్యాసాలు చదువుకుంటూ పోయాను. వాటిలో ఉన్న సంగతి ఒకటి ఎన్నిసార్లు చదివినా నాకు వింతగానే ఉంటుంది. మంచు చిరుత చిరుత కాదు. పేరుకు చిరుత, పుట్టుకకు పెద్దపులి చెల్లెలు. జన్యువులు పోల్చి చూస్తే సింహం, చిరుత, జాగ్వార్ ఒక కొమ్మ. పెద్దపులి, మంచు చిరుత ఇంకో కొమ్మ. ఆ అక్కాచెల్లెళ్లు విడిపోయింది 20-30 లక్షల ఏళ్ల కిందట అని ఒక లెక్క. కథ అక్కడితో కూడా అయిపోలేదు. తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ చూస్తే మంచు చిరుత సింహం వైపు జరుగుతుంది. ఎప్పుడో పాతకాలంలో రెండు కొమ్మల నడుమ సంకరం జరిగిందని దానికి చెప్పే కారణం. ఏ వంశవృక్షం గీసినా ఇలాంటి ఇంటి గుట్టు ఒకటి బయటపడుతుంది.

ఈ కుటుంబం పాతచోటు ఎక్కడ? 2010లో టిబెట్ జాందా లోయలో ఒక పుర్రె దొరికింది. దానికి పాంథెరా బ్లైతీ అని పేరు పెట్టి 2013లో ప్రకటించారు. వయసు 41 లక్షల నుంచి 59 లక్షల ఏళ్ల మధ్య. మంచు చిరుతకు దగ్గరి చుట్టంలా ఉంది. పెద్దపిల్లులన్నీ ఆఫ్రికాలో పుట్టి ఉండాలని అంతదాకా అనుకున్నవాళ్లు అప్పట్నుంచి ఆసియా వైపు తలతిప్పి చూస్తున్నారు. అంటే మన గుట్టల మీది చిరుత పూర్వీకులు కూడా ఎప్పుడో ఆ కొండల వైపు నుంచి దిగివచ్చినవే కావచ్చు. హిమాలయాలు లేవడం మొదలైంది 5 కోట్ల ఏళ్ల కిందట. మన గుండ్లు చూస్తే 250 కోట్లవి. అక్కడి రాళ్లు ఎదుగుతున్న పిల్లలు, ఇక్కడివి కాటికి కాళ్లు చాచిన ముసలివాళ్లు. పిల్లి మాత్రం రెండుచోట్లా ఒకే పని చేస్తుంది: రాయి రంగు ఒంటికి పూసుకుని, రాయి సందున పడుకుని, కింద నడిచే కాళ్లను లెక్కపెడుతుంది.

ఒంటి తీరులో తేడాలున్నాయి, ఎందుకుండవు! మంచు చిరుతకు ముందుకాళ్లు కురచ, వెనకకాళ్లు పొడుగు, ఎగువకు ఎగరడానికి. పాదాల అడుగున కూడా వెంట్రుకలు, మంచులో దిగబడకుండా. ముక్కు లోపల గది పెద్దది, చల్లగాలి ఊపిరితిత్తుల దాకా పోయేలోపు వేడెక్కడానికి. అంత ఎత్తులో, మామూలుగా 3000 నుంచి 4500 మీటర్ల మీద, ఊపిరాడేట్టు దాని రక్తంలో ఏదో మహత్తు ఉంటుందని అనుకుంటాం. 2015లో పరీక్షించి చూస్తే దాని హిమోగ్లోబిన్ మనింటి పిల్లి హిమోగ్లోబిన్ కన్నా ఏమంత గొప్పది కాదని తేలింది. మరి ఎలా నెగ్గుకొస్తోంది? ఆక్సిజన్ తగ్గినప్పుడు ఒళ్లు స్పందించే తీరును నడిపే జన్యువుల్లో మార్పులున్నాయని అంతకు రెండేళ్ల ముందే గుర్తించారు. ఇంకో సంగతి, అది గాండ్రించదు. మన చిరుతకు మొద్దు మీద రంపం లాగినట్టు ఒక గరగర ఉంది. రాత్రి గుట్ట మీద అది వినబడితే ఎవరో దొంగచాటున చెట్టు కోస్తున్నారనుకుంటారు. మంచు చిరుత కూడా రకరకాలుగా అరుస్తుంది గానీ గొంతు నిర్మాణం వల్ల గాండ్రింపు రాదు. పలకరింపుగా ముక్కుతో ఒక బుసలాంటి చప్పుడు చేస్తుంది. అక్క పెద్దపులి కూడా అదే చప్పుడు చేస్తుంది.

మహబూబాబాద్‌లో దిగేసరికి పొద్దు వాలుతోంది. ఊరివాళ్లకు ఇప్పటికీ ఇది మానుకోటే. మాను, కోట కలిసి ఆ పేరు వచ్చిందంటారు. స్టేషను బయటి రోడ్డు మీద ఒక లారీ పోతోంది. దాని మీద గ్రానైటు దిమ్మె ఒక్కటే, గొలుసులతో కట్టి, ఒక ముఖం మీద తెల్లరంగుతో నంబరు వేసి ఉంది. చిన్న గదంత దిమ్మె. దాని పక్కన సైకిల్ మీద పోతున్న మనిషి తల కూడా ఎత్తలేదు, రోజూ చూసేదేగా. చిరుతకు అడవి కావాలని అందరం అంటాం. చెట్లు నాటితే ఫోటోలు కూడా దిగుతాం. నాకు ఈ ప్రయాణంలో అంతకంతకూ గట్టిపడ్డ సంగతి వేరు. చిరుతకు ముందు కావలసింది రాయి. తిండి కుక్కైనా మేకైనా ఊళ్లో దొరుకుతుంది, పిల్లల్ని దాచుకునే సందు ఊళ్లో దొరకదు. చెట్టు కొట్టేస్తే ఇరవై ఏళ్లకైనా ఇంకోటి లేస్తుంది. గుట్ట కోసి లారీకెక్కిస్తే ఇంకో గుట్ట లేవదు. అక్కడ హిమాలయాల్లో సంగతి తిరగబడి ఉంది. ఎండలు ముదిరి చెట్లే రాళ్ల మీదికి ఎక్కివస్తున్నాయి, మంచు చిరుత చోటు ఆ మేరకు కుంచించుకుపోతోంది. అరుణాచల్ దిబాంగ్ లోయలో 3630 మీటర్ల ఎత్తున పెద్దపులి కెమెరాకు చిక్కింది. అక్క చెల్లెలి ఇంటికి దగ్గరవుతోంది.

మర్నాడు పొద్దున గూడూరు పోయాను. ఇది ఇంకో లోకం. జనగామ గుండ్లు వెనకబడి, పాకాల వైపు అడవి దగ్గరవుతుంది. కొత్తగూడ, గంగారం దాకా ఏజెన్సీ, తండాలు, కోయగూడేలు. చలికాలం వచ్చిందంటే ఇటు పేపర్లో ఒకే వార్త: పులి సంచారం. గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్‌లో ఇంద్రావతి పులుల అభయారణ్యం ఉంది. అక్కడి నుంచి నీళ్లు తగ్గిన గోదావరి దాటి పులి ఇటు దిగుతుంది. ఇసుకలో, వాగొడ్డున బురదలో అడుగులు వదులుతుంది. అప్పుడు ఊళ్లో చాటింపు వేస్తారు. ఒంటరిగా పోవద్దు, పొద్దెక్కాక పోండి, చీకటి పడకముందే రండి.

టీకొట్టు దగ్గర చేలకు పోయే ఆడవాళ్లు నలుగురు ఆటో కోసం ఆగారు. నడుముకు పత్తి ఏరే వడిగుడ్డలు కట్టుకుని ఉన్నారు. పులి భయం లేదా అక్కా అని అడిగాను. పెద్దావిడ, "బయమైతదని పత్తి ఆగుతదా సారూ? మబ్బుల పోయేటోళ్లం, గిప్పుడు పొద్దు పొడిసినంక పోతున్నం. అరకిలో తక్కువ ఏరుతున్నం" అంది. రెండోవామె, "గా కాగజ్‌నగర్ కాడ పిల్లను జంపె గదా" అని ఊరుకుంది. 2024 నవంబరు చివర్లో కాగజ్‌నగర్ వైపు చేనులో ఉన్న యువతిని పులి చంపింది. ఇక్కడికి అది చాలా దూరం, అయినా పత్తిచేలో వంగిన ప్రతి నడుముకూ ఆ సంగతి తెలుసు. చెట్టు కన్నా కిందికి వంగిన మనిషి పులికి మనిషిలా కనబడడు, నాలుగుకాళ్ల జీవిలా కనబడతాడు. మంచు చిరుత మనిషిని చంపిన దాఖలా ఇంతవరకు లేదు. వీళ్ల ముందు ఆ మాట అనబుద్ధి కాలేదు.

భీముని పాదం జలపాతం ఇదే మండలం. చూశాను, నీళ్లు సన్నగా పడుతున్నాయి, జనం ఎక్కువగా ఉన్నారు, చిప్స్ ప్యాకెట్లు ఇంకా ఎక్కువగా ఉన్నాయి. అక్కడి గురించి ఇంతకన్నా రాయడానికి లేదు.

నర్సంపేట, ములుగు మీదుగా భూపాలపల్లి చేరేసరికి బస్సు కిటికీ మీద నల్లధూళి పేరుకుంది. ఇది బొగ్గు ఊరు. సింగరేణి గనులు, చెల్పూరులో థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. షిఫ్టు దిగిన కార్మికులు హోటల్లో ఇడ్లీ తింటుంటే పళ్లు, కళ్లు తప్ప ఒకటే రంగు. రాత్రి లాడ్జిలో పడుకున్నాను. ఫ్యాను చప్పుడుకు నిద్ర పట్టలేదు, ఆపితే దోమలు.

పొద్దున్నే పరకాల బస్సెక్కి రేగొండ మండలంలో రావులపల్లి దగ్గర దిగాను. పాండవుల గుట్ట ఇక్కడే. ఇది జనగామ గుండ్ల తీరు కాదు. పొరలు పొరలుగా పేర్చిన ఇసుకరాయి, కొన్నిచోట్ల పుస్తకాలు సరిగా సర్దకుండా దొంతర పెట్టినట్టు అంచులు బయటికి పొడుచుకొచ్చి, కింద మనిషి కూర్చునేంత నీడ. నాతో వచ్చిన కుర్రాడు పక్క ఊరివాడే, డిగ్రీ చదువుతూ వచ్చేవాళ్లకు దారి చూపిస్తాడు. ఇక్కడి బొమ్మలు 1990లో వెలుగులోకి వచ్చాయి. ఎదురు పాండవులు, గొంతెమ్మ గుహ, మేకల బండ అని ఒక్కో చోటికి ఒక్కో పేరు. జాజు ఎరుపు, తెలుపు, పసుపు, వీటికి తోడు ఆకుపచ్చ. జాజు అర్థమవుతుంది, మా అమ్మమ్మ ఇంటి గోడకు అలికింది కూడా అదే. ఆకుపచ్చ ఎక్కడ సంపాదించారో!

దున్నలు, జింకలు, పెద్దపులి, చిరుత, విల్లు పట్టిన మనుషులు. ఒకే రోజు ఒకరు గీసినవి కావు, రాతియుగం వాళ్ల నుంచి మొన్నమొన్నటి వాళ్ల దాకా ఒకరి బొమ్మ మీద ఒకరు గీసుకుంటూ పోయారు. కుర్రాడు ఒకచోట వేలు చూపించి "చిరుత సార్" అన్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఎర్రటి సన్నని ఒళ్లు, వేలెడు పొడుగు. నాలుగు గీతలు కాళ్లు. వీపు మీదుగా పైకి లేచి ముందుకు వంగిన తోక, ఒంటికి మించినంత. తల ఉన్నచోట రాయి పెచ్చు లేచిపోయింది. మచ్చలు లేవు. "కుక్కేమో" అన్నాను. "కుక్కకు గంత తోకుంటదా సార్?" అన్నాడు. తోక దగ్గర నా నోరు మూతపడింది. డార్జిలింగులో ఆవిడ గుర్తొచ్చింది.

లద్దాఖ్‌లో మంచు చిరుతను వెతికేవాళ్లు జంతువును వెతకరట. ఇలా ముందుకు వాలిన రాళ్లను వెతుకుతారు. వాన, మంచు తగలని ఆ వాలు కింద అది వెనక్కి తిరిగి తన వాసన చిమ్మి పోతుంది. నేలను వెనకకాళ్లతో గీకి గుర్తు పెడుతుంది. నెలల తర్వాత ఆ దారిన వచ్చిన ఇంకో చిరుత దాన్ని చదువుకుంటుంది. వాన తగలని చోటు గనకే మనిషి కూడా ఇక్కడ బొమ్మ గీశాడు. కలకత్తా శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి పెద్దపులి చిమ్మే ద్రవంలో బాస్మతి బియ్యానికి వాసన ఇచ్చే పదార్థమే ఉందని కనిపెట్టాడు. అడవిలో నడుస్తుంటే ఉన్నట్టుండి అన్నం ఉడుకుతున్న వాసన వస్తే వెనక్కి తిరగాలన్నమాట.

ఇది చెప్పాక కుర్రాడు ఊరుకోలేదు. బొమ్మకు కాస్త పక్కన, వాలు కింద తడిమరక లాంటిది ఒకటి చూపించి, "గిది జూడుండ్రి సార్" అన్నాడు. మోచేతులు నేలకు ఆనించి, ముక్కు రాయికి దాదాపు ఆనేదాకా వంగి గట్టిగా పీల్చాను. గబ్బిలాల కంపు తలకెక్కి తుమ్ములు మొదలయ్యాయి. ఒకటి, రెండు, ఆగవు. కుర్రాడు పడీపడీ నవ్వుతున్నాడు. పైన ఎక్కడో కొండముచ్చు ఒకటి ఖర్రుమని అరిచింది. ఇంకోటి అందుకుంది.

కుర్రాడు నవ్వు ఆపి పైకి చూశాడు. "మనల్ని జూసే కావొచ్చు సార్" అన్నాడు, అని దిగడం మొదలుపెట్టాడు, వచ్చినప్పటి కన్నా తొందరగా.